ఇరవై రెండో పేజీ

జైలు, మూడో బ్యారక్
జూన్ 11

అక్కకు,

నా చేతిరాత చూసి కవరు విప్పకుండా పారేస్తావేమోనని పైన అడ్రసు వార్డరు చేత రాయించాను. మూడేళ్ల తర్వాత రాస్తున్నాను. ఎలా ఉన్నావని అడిగే మొహం నాకు లేదు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

ఇక్కడ కంప్యూటర్ల గది తెరిచారు. ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్లు ఆరు. ఇంటర్నెట్ లేదు. ఇంగ్లీషు నేర్పే ప్రోగ్రాం ఒకటి ఎక్కించి హెడ్‌ఫోన్లు ఇచ్చారు. నేర్పడానికి ఒక మాస్టారు వచ్చాడు. రెండో రోజు వంటశాల దగ్గర ఇద్దరు కొట్టుకుంటే ఒకడి చెవి తెగి సరిగ్గా ఆయన బూట్ల ముందు పడింది. మూడో రోజు నుంచి మాస్టారు లేడు, కంప్యూటర్లు మిగిలాయి. ఎవరికి వాళ్లే నేర్చుకోండని పెద్దసారు చేతులు దులుపుకున్నాడు.

లారీలు బాగుచేసుకునేవాడికి ఇంగ్లీషెందుకు అంటావు. నా పెట్టెలో నా తీర్పు ఉంది. ముప్పై ఒక్క పేజీలు, అంతా ఇంగ్లీషే. కోర్టులో లాయర్లూ డాక్టరూ జడ్జీ నా ఎదురుగానే నా గురించి నెలల తరబడి మాట్లాడుకున్నారు. నాకు నా పేరు తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు. చివర్లో గుమాస్తా నా దగ్గరికి వచ్చి యావజ్జీవం అని చెప్పి వెళ్లిపోయాడు.

మా బ్యారక్‌లో ఇంగ్లీషు వచ్చిన ఖైదీ ఒక్కడే. అందరూ రైటరంటారు. కాగితం చదివి చెప్పాలన్నా, అర్జీ రాసిపెట్టాలన్నా వాడే. దానికి వాడి బట్టలు ఉతకాలి, ఇంటి నుంచి వచ్చిన దుప్పటి వాడికి ఇవ్వాలి, వాడు చూపించినవాణ్ణి కొట్టాలి. నా తీర్పు తిరగేసి వాడు ఒకటే చెప్పాడు: "నీకు పనికొచ్చేది ఇందులో ఏమీ లేదు. మూసి పెట్టుకో." నిజమో కాదో నాకే తెలియాలి.

నువ్వు ఇరవై ఏళ్లుగా బడిలో ఇంగ్లీషు చెబుతున్నావు. అనుమానాలు వస్తే నీకు రాయవచ్చా? వద్దంటే ఒక్క ముక్క రాయి చాలు, మళ్లీ రాయను.

తమ్ముడు

ఉత్తరాలు ఆఫీసులో చదివి ముద్ర వేశాకే అటూ ఇటూ కదులుతాయి. గుర్తుపెట్టుకుని రాయి.


బడి, స్టాఫ్ రూము
జూన్ 29

తమ్ముడికి,

నీ ఉత్తరం పన్నెండు రోజులు నా సంచిలోనే ఉంది. చించేద్దామనుకున్నాను. చివరికి చదివాను. తెలుగులోనే తొమ్మిది తప్పులున్నాయి. ఎర్రసిరాతో దిద్ది దీనితోపాటు పంపుతున్నాను. చూసుకో.

ఒంటరిగా పెట్టె ముందు కూర్చుంటే భాష రాదు. చెప్పేవాళ్లుండాలి, తప్పు పట్టేవాళ్లుండాలి. నీ ముచ్చట కాదనడం ఎందుకని క్రియారూపాల పట్టిక ఒకటి రాసి పంపుతున్నాను. బట్టీ పట్టు.

ఆ తీర్పు చదివి ఏం బావుకుంటావో నాకు తెలియదు. చనిపోయింది నా భర్త. చంపింది నా తోడబుట్టినవాడు. ఈ రెండు ముక్కలూ తెలుగులోనే అర్థమవుతాయి.

అనుమానాలు రాయి, వ్యాకరణం వరకే. ఆ సాయంత్రం గురించి ఒక్క అక్షరం వద్దు. అమ్మాయికి పదిహేనేళ్లు వచ్చాయి. నీకు రాస్తున్నానని దానికి తెలియదు, తెలియనివ్వను.

అక్క


జైలు, మూడో బ్యారక్
జూలై 20

అక్కకు,

పట్టిక అందింది. ఎర్రసిరా కూడా అందింది. చిన్నప్పుడు నా పలక మీద దిద్దినట్టే దిద్దావు.

నువ్వనుకున్నట్టు అది ఉత్త పెట్టె కాదు. అది ఒక మాట అంటుంది, నేను మైకులో అదే మాట అనాలి. తెర మీద దాని గొంతు ఒక గీతగా కనిపిస్తుంది, దాని కిందే నా గొంతు ఇంకో గీత. రెండూ ఒకేలా వచ్చేదాకా ఎన్నిసార్లయినా అనుకోవచ్చు. "థాట్" అనే మాట నూట పదిసార్లు అన్నాను. నూట తొమ్మిదిసార్లు తప్పన్నా దాని గొంతు పెరగలేదు, చెయ్యి లేవలేదు. ఈ గోడల మధ్య తప్పు చేసినా దెబ్బ పడని చోటు అదొక్కటే.

పాఠాలు మాత్రం అన్నీ హోటళ్లూ విమానాశ్రయాలూ. నా సామాను కనబడటం లేదని, గదిలో వేడినీళ్లు రావడం లేదని తప్పుల్లేకుండా ఫిర్యాదు చెయ్యగలను. వేడినీళ్ల సంగతి వార్డరు మీద ప్రయోగించి చూశాను. లాఠీతో మోకాలి మీద ఒకటిచ్చాడు. ఆ భాష ఆయనకీ రాదు పాపం.

అందుకని పాఠాల వరస నేనే మార్చుకున్నాను. రోజూ తీర్పులోంచి పది మాటలు అరచేతిలో రాసుకుని వెళ్తాను. ప్రోగ్రాంలో నిఘంటువు ఉంది, అందులో వెతుకుతాను. తర్వాత ఆ మాట ఏ పాఠంలో వస్తుందో ఆ పాఠమే చేస్తాను. వరసలో ఎనిమిదో పాఠం దాటనివాణ్ణి ఇరవై నాలుగోది పూర్తి చేశాను.

నువ్వు వద్దన్నది రాస్తున్నాను, కోప్పడకు. వ్యాకరణమే. డాక్టరు సాక్ష్యం పన్నెండో పేజీలో ఉంది. ఐదు గాయాలు. భుజం ఎముక విరగడం, రెండు పక్కటెముకలు, దవడ, తల వెనక చీలిక. ప్రతి గాయానికీ "వాజ్ స్ట్రక్" అని రాశారు. కొట్టబడ్డాడు. కొట్టిందెవరో ఆ వాక్యంలో లేరు. అలా రాయడానికి వీలున్న భాష అని ముందు కాస్త హాయిగా అనిపించింది. మర్నాడు పెన్సిలు తీసుకుని ఐదు చోట్లా పక్కన "బై మి" అని రాసుకున్నాను.

పోయిన వారం భోజనాల వరసలో నా ముందువాణ్ణి అరగదీసిన గరిటె కాడతో పొడిచారు. వాడు నా మీదే పడ్డాడు. చొక్కా ఎంత ఉతికినా మరక పోవడం లేదు. ఏం జరిగినా వేళకి కంప్యూటర్ల గదికి వెళ్లడం మాత్రం మానలేదు.

తమ్ముడు


బడి, స్టాఫ్ రూము
ఆగస్టు 8

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివాక మా బడిలో తాళం వేసి ఉంచిన కంప్యూటర్ గది తెరిపించాను. నీ దగ్గరున్నటువంటి ప్రోగ్రామే అందులోనూ ఉంది, ఇన్నాళ్లూ ఎవరూ ముట్టుకోలేదు. తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉంది. మూడేళ్లుగా నా ముందు నోరు విప్పలేదు, మొద్దు అనుకున్నాను. హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే గలగలా మాట్లాడింది. వెనక నేను నిలబడి ఉన్నానని చూసి ఠక్కున ఆపేసింది. చేతులు వెనక్కి దాచుకుంది. నా చేతిలో ఆ పూట స్కేలు లేదు, అయినా దాచుకుంది.

నువ్వు బాగా నేర్చుకుంటున్నావు. నేర్పేవాళ్లు లేకుండా ఇంత దూరం వస్తావనుకోలేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

"బై మి" అని రాసుకున్నది చదివి ఆ పూట పాఠం చెప్పలేకపోయాను.

ఒక సలహా. పదిహేనో పేజీ దాటాక చట్టం మాటలే ఉంటాయి. నేను చూశాను. పెద్ద లాయర్లకే కొరుకుడు పడవు. వాటి మీద నీ కష్టం వృథా చేసుకోకు. కథల పుస్తకాలు పంపుతాను, అవి చదువు.

మోకాలికి వేడినీళ్ల కాపడం పెట్టు. దొరకవని తెలిసే రాశాను, అలవాటు.

అక్క


జైలు, మూడో బ్యారక్
ఆగస్టు 30

అక్కకు,

కథల పుస్తకాలు ఆఫీసులోనే ఆగిపోయాయి. బొమ్మలు చూడటం అయ్యాక ఇస్తారేమో.

ఇక్కడ ఒక ఘోరం జరిగింది. దానికి కారణం నేనే. మా బ్యారక్‌లో వడ్రంగి తాత ఉన్నాడు, డెబ్బై దాటాయి. ఐదేళ్ల కిందట రైటరు చేత పైకోర్టుకి అప్పీలు రాయించుకున్నాడు. అది విచారణలో ఉందని రైటరు చెబుతూనే ఉన్నాడు, తాత ఐదేళ్లూ వాడి బట్టలు ఉతుకుతూనే ఉన్నాడు. నాకు చదవడం వచ్చిందని తెలిసి తాత ఆ కాగితం తెచ్చి చూపించాడు. నాలుగు వరుసలు. అరగంట పట్టింది. సంతకం లేదు కాబట్టి తిప్పి పంపుతున్నామని ఉంది. వచ్చిన తేదీ ఐదేళ్ల కిందటిదే. అప్పీలు ఎక్కడా లేదు.

నేను చదివి చెప్పాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే నాయనా, నీకు శ్రమ ఇచ్చాను" అన్నాడు. పని మొదలయ్యాక వడ్రంగి షెడ్డులో రైటరు బల్ల మీద చెయ్యి ఆనించి ఎవరితోనో మాట్లాడుతుంటే, తాత వెనక నుంచి వచ్చి ఉలి పెట్టి సుత్తితో ఒక్కటేశాడు. ఉలి అరచేతిలోంచి దిగి బల్లలో పాతుకుపోయింది. బల్లతో సహా మోసుకెళ్లాల్సి వచ్చింది రైటర్ని. తాతని ఒంటరి కొట్లో వేసి వార్డర్లు చావగొట్టారు. ఆ అరుపులు మా బ్యారక్ దాకా వినిపించాయి.

ఇప్పుడు అందరూ కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వస్తున్నారు. రైటరు కట్టు కట్టిన చేత్తో తిరుగుతూ నన్ను చూస్తున్నాడు.

నీ సలహా పాటించలేదు. ఇరవై రెండో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: "ది ఆంబులెన్స్ వాజ్ నాట్ కాల్డ్ అంటిల్ సెవెన్ ఫార్టీ." ఏడూ నలభై సంగతేమిటి? నేను మీ ఇంట్లోంచి బయటపడేసరికి ఐదున్నర దాటిందంతే. వెళ్తూ వెళ్తూ అంబులెన్సుకి ఫోను చెయ్యమని నీకు చెప్పాను. కోర్టులోనూ అదే చెప్పాను. నువ్వు వంటగదిలో ఉన్నానని, ఏమీ చూడలేదని, వినలేదని చెప్పావు కాబట్టి ఎవరూ నమ్మలేదు. భయపడి అలా చెప్పావని నాకు తెలుసు, దాన్ని నేను తప్పు పట్టలేదు. ఈ వాక్యం ఒక్కటి విప్పి చెప్పు.

తమ్ముడు


బడి, స్టాఫ్ రూము
సెప్టెంబరు 10

తమ్ముడికి,

"కాల్" అంటే పిలవడమే కాదు, ఒకచోటికి రావడం అని కూడా అర్థం ఉంది. పోస్ట్‌మాన్ కాల్డ్ అంటే పోస్ట్‌మాన్ వచ్చాడని. కాబట్టి ఆ వాక్యానికి అర్థం, ఏడూ నలభై దాకా అంబులెన్సు రాలేదని. అంతే.

ఆ రైటరుతో జాగ్రత్తగా ఉండు. నీకెందుకు ఊళ్లోవాళ్ల కాగితాలు?

అక్క


జైలు ఆసుపత్రి
అక్టోబరు 2

అక్కకు,

అక్షరాలు వంకరగా ఉంటే ఎర్రసిరా తియ్యకు. ఒక కన్ను ఇంకా తెరుచుకోలేదు.

బాత్రూములో జారిపడ్డానని ఇక్కడ రిజిస్టరులో రాసుకున్నారు. ఈ ఉత్తరం చదివే ఆఫీసు గుమాస్తా కూడా నిజం తెలుసుకోనీ, నాకేం.

పోయిన సోమవారం పదకొండు గంటలకి గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. కాపలా వార్డరు నీళ్లు తాగొస్తానని వెళ్లాడు. అంతసేపు దాహం ఎవరికీ ఉండదు. నా చెవులకి హెడ్‌ఫోన్లు ఉన్నాయి, తలుపు మూసిన చప్పుడు వినబడలేదు. వెనక నుంచి ఆ హెడ్‌ఫోన్ల తీగే నా మెడకి చుట్టారు. రైటరు, ఇంకో ఇద్దరు. జుట్టు పట్టుకుని మొహాన్ని తెరకేసి కొట్టారు, అది పగిలేదాకా. కనుబొమలో గాజు ముక్క దిగింది. తర్వాత రైటరు మెల్లిగా అడిగాడు: "రాసే చెయ్యి ఏది?"

నేను ఎడమ చెయ్యి చూపించాను. నేను కుడిచేత్తో రాస్తానని వాడికి తెలియదు. నాలుగు వేళ్లూ బల్ల సొరుగులో పెట్టి తన్ని మూశారు. రెండుసార్లు. ఎముక విరిగిన చప్పుడు వాళ్లకీ వినబడింది, ఒకడు మొహం తిప్పుకున్నాడు.

ఆ మొహం తిప్పుకున్న క్షణంలోనే లేచాను. కుర్చీ విరిగి కాలు చేతికొచ్చింది. ఇద్దరూ బయటికి పరిగెత్తారు, రైటరు కింద పడ్డాడు. ఎడమ చేత్తో వాడి కాలరు పట్టుకుని కుడిచేత్తో కొట్టాను. ఒకటి, పళ్లు రాలాయి. రెండు, ముక్కు. మూడో దానికి చెయ్యి లేచింది. అక్కా, నాకు అప్పుడు కోపం లేదు. చాలా హాయిగా ఉంది. మీ ఇంట్లో రెండో దెబ్బ నుంచి ఐదో దెబ్బ దాకా కూడా ఇలాగే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. మంచివాణ్ణయి ఆగలేదు. విరిగిన వేళ్లకి కాలరు జారిపోయింది, ఈలోగా వార్డర్లు వచ్చి పడ్డారు. ఆ తర్వాత వాళ్లు కొట్టింది వేరే లెక్క.

ఆ గొడవలో ఆరింటిలో నాలుగు కంప్యూటర్లు పోయాయి. రైటర్ని వేరే జైలుకి మార్చారు. గదికి తాళం పడింది.

తమ్ముడు


ఇల్లు
అక్టోబరు 14

తమ్ముడూ,

నిన్న మీ గేటు దాకా వచ్చాను. బయట బల్ల మీద గంటసేపు కూర్చున్నాను. పేరు రాయించుకునే కిటికీ దగ్గర నా వంతు వచ్చేసరికి ఖైదీకి ఏమవుతారని అడిగారు. అక్కనని చెప్పడానికి నోరు రాలేదు, లేచి వచ్చేశాను.

చదువు ఇక చాలురా. ఉన్న కన్నూ చేతులూ కాపాడుకో. తీర్పు కాగితాలు చించి పారెయ్. నిన్ను బతిమాలుకుంటున్నాను.

అక్క


జైలు, మూడో బ్యారక్
నవంబరు 6

అక్కకు,

కంప్యూటర్లు ఇచ్చినవాళ్లు చూడటానికి వస్తారని గది తాళం తీశారు. పనిచేసేవి రెండే. ఒకదాని ముందు నేను కూర్చున్నాను.

ముప్పై ఒకటో పాఠంలో రెండు బొమ్మలున్నాయి. ఒకదాంట్లో డాక్టరు సంచి పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు. రెండోదాంట్లో ఒక ఆడమనిషి ఫోను పట్టుకుంది. డాక్టర్ కాల్డ్ అన్నప్పుడు మొదటిది నొక్కాలి. డాక్టర్ వాజ్ కాల్డ్ అన్నప్పుడు రెండోది. నేను నువ్వు చెప్పినట్టే రెండిటికీ మొదటిదే నొక్కుతూ పోయాను. ఆరుసార్లు ఎర్రగీత వచ్చింది. ప్రోగ్రాం చెడిపోయిందనుకున్నాను. ఏడోసారి "వాజ్" దగ్గర ఆగాను. వాజ్ స్ట్రక్, కొట్టబడ్డాడు. వాజ్ కాల్డ్, పిలవబడింది. పన్నెండో పేజీలో నేర్చుకున్నదే. నేర్చుకున్నదాన్ని పక్కనపెట్టి నీ మాట నమ్మాను.

ఏడూ నలభై దాకా అంబులెన్సును ఎవరూ పిలవలేదు. ఆ కింద ఇంకా ఉంది, అదీ చదువుకున్నాను. గాయపడ్డ తర్వాత మనిషి గంటన్నర పైన బతికే ఉన్నాడని డాక్టరు చెప్పాడట. నెత్తురు ఆగక పోయాడు, వేళకి తీసుకొస్తే బతికేవాడేమో అన్నాడట. భార్య దిగ్భ్రాంతిలో ఉండి ఉంటుందని జడ్జి రాశాడు.

నిన్న ఉచితంగా కేసులు చూసే లాయరమ్మ వచ్చింది. ఫోను చెయ్యమని నేను చెప్పిన మాట విన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఉంటే, చంపాలన్న ఉద్దేశం లేదని పైకోర్టులో వాదిస్తానంది. లేరని చెప్పాను.

నీ ముందు ఇంగ్లీషులో మాట్లాడాలని చాలా ఆశ ఉండేది. ఇప్పుడు లేదు. ఇక అనుమానాలు రాయను.

తమ్ముడు


ఇల్లు
నవంబరు 19

తమ్ముడూ,

ఈ ఉత్తరం మీ ఆఫీసులో విప్పి చదువుతారని తెలిసే రాస్తున్నాను. చదివే గుమాస్తాగారికి మనవి: దయచేసి పై అధికారులకి చూపించండి.

ఆ రోజు ఐదు గంటలకి అతను బడి నుంచి వచ్చిన నన్ను ఇస్త్రీ బల్ల దగ్గరికి పిలిచాడు. చొక్కా కాలరు మీద మడత పోలేదు. నా ఎడమ చెయ్యి బల్ల మీద పరిచి ఇస్త్రీపెట్టె ఆనించాడు. పద్నాలుగేళ్లలో చెయ్యి చేసుకోవడం కొత్త కాదు, ఇస్త్రీపెట్టె మాత్రం అదే మొదటిసారి. రెండోసారి ఆనించబోతుంటే నువ్వు నీళ్ల మోటారు బాగుచెయ్యడానికి వచ్చావు. చేతిలో పానా ఉంది. మొదటి దెబ్బకే అతను నన్ను వదిలేశాడు. ఆపమని అరిచాను. నువ్వు వినలేదు. తర్వాతి నాలుగూ అక్కర్లేనివి. అది నీది, నేను మొయ్యలేను.

తర్వాత నీ మొహంలో నెత్తురు లేదు. "ఫోను చెయ్యక్కా, బతుకుతాడు" అన్నావు. గుమ్మం దాటాక వెనక్కి వచ్చి మళ్లీ అన్నావు. నేను తల ఊపాను. ఇది నాది.

నువ్వు వెళ్లగానే గడియ పెట్టాను. కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చున్నాను. నీళ్లు అడిగాడు, ఇచ్చాను. ఫోను అడిగాడు, ఇవ్వలేదు. తిట్టాడు, ఆ తర్వాత బతిమాలాడు, నా పేరు పెట్టి పిలిచాడు. పెళ్లయిన కొత్తలో తప్ప అలా పిలవలేదు. నేను లేవలేదు. అతను బతికితే ఏమవుతుందో నాకు తెలుసు. పోతే ఏమవుతుందో తెలియదు. తెలియనిదే నయమనిపించింది. అమ్మాయి ట్యూషన్ నుంచి వచ్చే వేళయిందని ఏడూ నలభైకి ఫోను చేశాను. అప్పటికి మాటలు ఆగి చాలాసేపయింది.

కోర్టులో ఎవరో నా చేతి కట్టు గురించి అడిగితే వంటలో కాలిందన్నాను. నేను నోరు విప్పితే ఆ రెండు గంటలూ బయటికొస్తాయి. అమ్మాయికి నేనూ లేకుండా పోతాను. నువ్వు ఎలాగూ లోపలే ఉన్నావు కదా అనుకున్నాను. అలా అనుకుని మూడేళ్లు అన్నం తిన్నాను, పాఠాలు చెప్పాను.

నీ ఉత్తరాల్లో పేజీ నంబరు పెరుగుతున్నకొద్దీ నాకు నిద్ర పట్టేది కాదు. ఇంగ్లీషు టీచర్ని. నీకు తెలియని అర్థం ఒకటి చెబితే సరిపోతుందనుకున్నాను. నేను చెప్పింది మాట వరకూ నిజమే, వాక్యం వరకే అబద్ధం. పట్టుకున్నావు. ఇరవై ఏళ్లలో నా విద్యార్థి ఎవరూ నన్నలా పట్టుకోలేదు.

లాయరమ్మ అడ్రసు కనుక్కుని రేపు ఉదయం వెళ్తున్నాను. వద్దని రాయకు, ఉత్తరం అందేసరికి చెప్పేసి ఉంటాను. అమ్మాయికి నిన్ననే చెప్పాను. తీర్పు కాపీ దాని చేతికిచ్చాను. గది తలుపు వేసుకుంది.

అక్క


మహిళా జైలు
జూలై 3

తమ్ముడూ,

ఇప్పుడు మన ఉత్తరాలకి రెండు ఆఫీసుల ముద్రలు పడతాయి.

పైకోర్టు నీ శిక్ష ఎనిమిదేళ్లకి తగ్గించిందని లాయరమ్మ వచ్చి చెప్పింది. ఇంకో నాలుగేళ్లు. నాకు ప్రమాణం చేసి అబద్ధం చెప్పినందుకు ఏడాదిన్నర. ఆ రెండు గంటలకి విడిగా శిక్ష వేసే సెక్షను దొరకలేదట. దొరక్కపోవడం నాకేమీ తేలిగ్గా అనిపించలేదు. ఉద్యోగం పోయింది. అమ్మాయి మా ఆటల టీచరుగారింట్లో ఉంటోంది. కోర్టులో అంతా విన్నది. నాతో మాట్లాడలేదు, ఇక్కడికి రాలేదు.

వచ్చిన వారానికే ఇక్కడ ఒకామె దువ్వెన కోసం నా తల గోడకేసి కొట్టింది. మూడు కుట్లు పడ్డాయి. దువ్వెన ఇచ్చేశాను. ఇప్పుడు ఆమె పక్కనే పడుకుంటున్నాను, తన కాగితాలు చదివిపెట్టమంది. ఉన్నది ఉన్నట్టు చదువుతున్నాను.

నువ్వు ఇన్నాళ్లూ ఒక్క ముక్క రాయలేదు. రాయాలని లేకపోతే రాయకు. ముద్ర వేసిన ఖాళీ కాగితం పంపినా బతికున్నావని తెలుస్తుంది.

అక్క


జైలు, మూడో బ్యారక్
ఆగస్టు 21

అక్కకు,

నీ నవంబరు ఉత్తరం వచ్చాక నేను ఎనిమిది ఉత్తరాలు రాసి చించేశాను. కొన్నిటిలో నిన్ను తిట్టాను, కొన్నిటిలో క్షమించాను. రెండూ నాకు సరిపడలేదు. నువ్వు వెంటనే ఫోను చేసి ఉంటే నేను ఇక్కడ ఉండేవాణ్ణి కాదేమో. నేను ఒక్క దెబ్బతో ఆగి ఉంటే నీకు ఫోను చేసే అవసరమే ఉండేది కాదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటం తప్ప నాకేమీ తోచలేదు. అందుకే రాయలేకపోయాను.

ఇప్పుడు రాయక తప్పదు. మొన్న ఆదివారం అమ్మాయి వచ్చింది. ఆటల టీచరుగారు గేటు బయట నిలబడ్డారు. నీ కన్నా ఎత్తు ఎదిగింది. ఇనుప జాలీకి అవతల స్టూలు మీద కూర్చుంది. నా ఎడమ చేతి వేళ్లు చూసింది. నేను చదువెలా ఉందన్నాను. బాగుందంది.

తర్వాత సంచిలోంచి తీర్పు తీసింది. ముప్పై ఒక్క పేజీలూ చదివానంది. నిఘంటువు దగ్గర పెట్టుకుని, ఎవర్నీ అడక్కుండా. మన ఉత్తరాలు కూడా లాయరమ్మ దగ్గర తీసుకుని చదివిందట.

"నాన్న నాకు సైకిలు నేర్పాడు మామయ్యా" అంది. "జ్వరం వస్తే రాత్రంతా వీపు మీద మోసుకుని తిరిగాడు. అది దీంట్లో లేదు. మీ ఉత్తరాల్లో కూడా లేదు. నాన్న అంటే ఐదు గాయాలూ ఒక ఇస్త్రీపెట్టేనా?"

జవాబు చెప్పమని అక్కడే కూర్చుంది. వార్డరు వేళయిందన్నా లేవలేదు. అప్పుడు చెప్పాను. వర్క్‌షాపు పెట్టుకునేటప్పుడు నాకు మొదటి పనిముట్ల పెట్టె కొనిపెట్టింది బావే. పానా ఎలా పట్టుకోవాలో తెలియకుండానే ఎగబడుతున్నావేంట్రా అని నవ్వాడు. ఆ పెట్టెలోదే ఆ పానా కూడా. అది కూడా చెప్పాను. దాచి ఏం లాభం? అమ్మాయి ఏడవలేదు. "ఇంకా" అంది.

టైం అయిపోయింది. వెళ్తూ, గుర్తున్నవన్నీ రాసి పంపమంది. మంచివీ చెడ్డవీ, ఏదీ వదలకుండా, తెలుగులో. నేను మొదలుపెట్టాను, నాలుగు పేజీలయ్యాయి. బావ మంచివాడని రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు తెలిసింది తక్కువ. పద్నాలుగేళ్లు ఒకే ఇంట్లో ఉన్నది నువ్వు. నీ వంతు నువ్వు రాయి. కష్టమని నాకు తెలుసు. నాకు పంపకు, నన్ను దిద్దమని అడగకు. తనకే పంపు. ఆటల టీచరుగారి అడ్రసు కింద రాశాను.

తమ్ముడు